కొమ్ము తెచ్చిపెట్టిన డ్రమ్ము

కుట్టు గది
ఫిబ్రవరి, మొదటి సోమవారం

అక్కకి,

తమ్ముడి వందనాలు. ఇక్కడ నేనూ, నీ మరదలూ, మిషనూ క్షేమం. నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ "ఎవరూ, గట్టిగా చెప్పండి" అని పెట్టేశావు. అప్పటికే నేను ఎదురింటివాళ్ళు కిటికీలు తీసి చూసేంత గట్టిగా అరుస్తున్నాను. నీ ఫోన్ చెడిపోయినట్టుంది, బాగు చేయించు. అంతవరకూ ఉత్తరమే గతి.

సంగతేమిటంటే, మా సంఘంలో నన్ను డ్రమ్ము వాయించడానికి వేశారు.

పై వాక్యం ఇంకోసారి చదువుకో. నేను తప్పు రాయలేదు.

మొదటినుంచీ చెబుతాను. పోయిన నెల పాస్టరు గారు తలాంతుల మీద ప్రసంగం చేశారు. యజమాని వ్యాపారానికిచ్చిన తలాంతు డబ్బుని వాడకుండా గొయ్యి తీసి పాతిపెట్టిన ఆ బైబిలు దాసుడి గురించి చెబుతున్నంతసేపూ వెనక బెంచీ వైపే చూశారు. వెనక బెంచీలో ఉన్నది నేనూ, ఒక స్తంభమూ. ప్రసంగం అయ్యాక సెక్రటరీ గారు తలా ఒక కాగితం పంచారు. దేవుడు మీకిచ్చిన వరం ఏమిటి, దాన్ని పదిమందికీ ఎలా వాడతారు, రాసివ్వండి అన్నారు. నేను ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను.

వారం తిరక్కుండా పాస్టరు గారు మా ఇంటికొచ్చారు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి! నేను దుప్పట్లకి అంచులు కుడుతున్నాను. లేవబోతే "మీరు కానివ్వండి" అని వంటగది గుమ్మం దగ్గరికి వెళ్ళి నీ మరదలితో ఏదో మాట్లాడారు. మిషను చప్పుడులో నాకు వినబడలేదు. తరవాత ఆవిడ చెప్పింది: "మీ ఆయన కుడతారా అని అడిగారు. పొద్దున లేస్తే అదే పనండీ, పెళ్ళయిన దగ్గర్నుంచీ అలవాటైపోయింది, ఒక్కరోజు లేకపోతే నాకే ఏమీ తోచదు అన్నాను. పాపం, ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి." వెళ్ళేముందు ఆవిడ తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. నా వైపు చూసి నిట్టూర్చారు. కుట్టుపని అంటే అంత కదిలిపోయేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారక్కా!

మరుసటి ఆదివారం ఎవరికి ఏ పనో పట్టిక చదివారు. డ్రమ్ము ఎదురుగా నా పేరు. పాటల మాస్టారు వచ్చి నా చేతులు రెండూ పట్టుకుని "ఈ చేతుల్లో ఉన్న దురదంతా ఇకనుంచి ప్రభువుకే" అన్నాడు. నాకేం దురద లేదండీ అన్నా వినలేదు. సెక్రటరీ గారికి చెప్పుకోబోతే అదీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. జులైలో సంఘ వార్షికోత్సవం. నాకు చప్పట్లు కొట్టడమే తిన్నగా రాదని నీకు తెలుసు. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు


మేడ మీద గది, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి, రెండో గురువారం

ఒరేయ్ సూదీ,

నీ ఉత్తరం అందింది. చదవడానికి ఒక పూట పట్టింది. నీకు అక్షరాలు దిద్దబెట్టింది నేనే గనక ఎవర్నీ తిట్టుకోవడానికి లేదు.

నా ఫోన్‌కి ఏ రోగమూ లేదు. నువ్వే నోట్లో సూదులు పెట్టుకుని మాట్లాడుతున్నావు. నువ్వనే ఏముంది, ఈ మధ్య అందరికీ ఇదో జబ్బు పట్టుకుంది, పెదవి కదపకుండా గొణగడం. మీ బావ అయితే మాట్లాడ్డమే మానేశాడు. సండే స్కూల్ పిల్లలూ అంతే, ప్రశ్న అడిగితే గుసగుసలు. విసుగొచ్చి క్లాసు వదిలేశాను. ఇరవై ఆరేళ్ళు చెప్పాను, చాలు. ఆ సంగతి మళ్ళీ అడక్కు.

ఇంకోటి. ఆ చెవిటివాడు, శంఖం సామెత నాకు నచ్చలేదు. ఒకళ్ళ లోపం మీద సామెతలేమిటి? నాకు రాసే ఉత్తరాల్లో వాడకు.

ఇక అసలు సంగతి. చేతి మీద దోమ వాలితే కొట్టకుండా ఊదేవాడివి, నీకు డ్రమ్మా? ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది మీ సంఘం. దీంట్లో ఏదో మెలిక ఉంది. నా మరదలి తల మీద చెయ్యి పెట్టి అంతసేపు ప్రార్థన ఎందుకు చేసినట్టు? నువ్వు ఆ కాగితంలో ఏం రాశావో అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసి పంపు. కుదురుగా రాయకు. నీ మామూలు రాతే కావాలి.

అక్క


కుట్టు గది
మార్చి, రెండో తారీకు

అక్కకి,

సామెత వెనక్కి తీసుకున్నాను. ఇదిగో నేను రాసింది:

"నాకు దేవుడిచ్చిన వరం కుట్టడం. కుట్టడం తప్ప నాకేమీ రాదు. మా నాన్న కుట్టేవాడు, ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుడుతూనే ఉంటాను. ఆడవాళ్ళవి, పిల్లలవి ప్రత్యేకంగా కుడతాను. సంఘంలో అవసరమున్న వాళ్ళని నా దగ్గరికి పంపితే ఊరికే కుట్టి పెడతాను. గుర్తు కనబడకుండా కుట్టడంలో నాకు మంచి పేరుంది."

దీంట్లో డ్రమ్ము ఎక్కడుంది చెప్పు?

తమ్ముడు


మేడ మీద గది
మార్చి, ఎనిమిదో తారీకు

సూదీ,

డ్రమ్ము ఎక్కడుందో చెబుతాను, ఏదైనా గట్టిగా పట్టుకో.

నీ కొమ్ముల సంగతి నీకు చిన్నప్పుడే చెప్పాను. కొమ్ముని అక్షరానికి పక్కన పెట్టరా అంటే నెత్తి మీద పెడతావు. నువ్వు "కు" రాస్తే "కొ" అవుతుంది. నీ "వి" అయితే పుట్టుకతోనే "ని". ఇప్పుడు మీ సెక్రటరీ గారు చదివింది రాస్తున్నాను:

"నాకు దేవుడిచ్చిన వరం కొట్టడం. కొట్టడం తప్ప నాకేమీ రాదు. మా నాన్న కొట్టేవాడు, ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొడుతూనే ఉంటాను. ఆడవాళ్ళని, పిల్లలని ప్రత్యేకంగా కొడతాను. సంఘంలో అవసరమున్న వాళ్ళని నా దగ్గరికి పంపితే ఊరికే కొట్టి పెడతాను. గుర్తు కనబడకుండా కొట్టడంలో నాకు మంచి పేరుంది."

ఆ పాస్టరు గారు మహానుభావుడు. పోలీసుల్ని తీసుకురాకుండా ప్రార్థనతో సరిపెట్టాడు. వంటగది గుమ్మంలో ఆయన అడిగింది "కొడతారా" అని. నీ మిషను చప్పుడులో నా మరదలికి "కుడతారా" అని వినబడింది. ఆవిడ చెప్పిన "కుడతారు" ఆయనకి "కొడతారు" అయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అలవాటైపోయిందట, ఒక్కరోజు లేకపోతే తోచదట! ఆయన ఏడవక ఏం చేస్తాడు? నీ చేతులకి డ్రమ్ము ఇస్తే ఇంట్లో ఆడమనిషికి కాస్త తెరిపి దొరుకుతుందని ఆలోచించినట్టున్నారు.

నీ కాగితం మీ బావకి చదివి వినిపించాను. నవ్వి నవ్వి కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాడు. ఆ మొహం చూసి ఎన్నాళ్ళయిందో!

ఈ ఉత్తరం అందగానే చెప్పులేసుకుని వెళ్ళు. "కొట్టడం కాదండీ, కుట్టడం" అని చెప్పు. మూడు మాటలు. అంతే.

అక్క


కుట్టు గది
ఏప్రిల్, మొదటి వారం

అక్కకి,

నీ ఉత్తరం చదివాక భూమి నోరు తెరిచి మింగేస్తే బాగుండుననిపించింది. నువ్వు చెప్పినట్టే చెప్పులేసుకుని వెళ్ళాను. ముందు పరువు దక్కించుకుందామని "పాస్టరు గారూ, నేను మా ఆవిణ్ణి కొట్టనండీ" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి "అందరూ మొదట అలాగే అంటారు బ్రదర్" అన్నారు.

నీ మరదల్ని పంపాను. "ఆయన నా ఒంటి మీద చెయ్యి వేసి ఎరగరండీ" అందట. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు "ఎంత ఓర్పు తల్లీ నీది" అని కళ్ళు తుడుచుకున్నారట. ఇప్పుడు సంఘంలో ఆవిణ్ణి కుర్చీ ఎత్తనివ్వరు, గిన్నె కడగనివ్వరు. పళ్ళు తెచ్చి ఒడిలో పెడుతున్నారు. ఇంకాస్త గట్టిగా చెప్పి రావే అంటే, "ఉండనివ్వండి, ముప్ఫై ఏళ్ళలో నన్ను కూర్చోబెట్టి పండు కోసిపెట్టినవాళ్ళు వీళ్ళే" అంటోంది.

మరి ఆ మూడు మాటలు చెప్పావా అంటావు. లేదు. పెదవి దాకా వచ్చాయి. అప్పుడే పాటల మాస్టారు ఎదురొచ్చి "బ్రదర్, మీరు లేకపోతే మాకు జరగదు" అన్నాడు.

అక్కా, నాకు యాభై రెండేళ్ళు. ఆ మాట నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ స్తంభానికైనా ఏడాదికోసారి రంగు వేస్తారు, నన్ను పలకరించినవాళ్ళు లేరు. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారు, కుర్చీ చూపిస్తున్నారు. నిజం చెబితే మళ్ళీ వెనక బెంచీయే కదా? పాడేవాళ్ళు కావాలి, ప్రసంగించేవాళ్ళు కావాలి. కుట్టేవాడితో దేవుడి మందిరానికేం పని? అందరూ కుట్టిన బట్టలే కొనుక్కుంటున్నారు. నా వరం వరాల్లో లెక్కకి రాదు. అందుకని నోరు మూసుకున్నాను. నన్ను తిట్టు, పడతాను.

మొదటి ప్రాక్టీసు అయింది. ఒక్క దెబ్బ వేశాను. పాట ఆగిపోయింది. బృందంలో సన్నగొంతు ఆవిడకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఇంటికొచ్చి ఆలోచించాను. రెండు పొరల గుడ్డ మధ్య దూది పెట్టి, చదరాలు చదరాలుగా కుట్టి, డ్రమ్ము మొహానికి సరిగ్గా అతికేలా ఒక తొడుగు చేశాను. రంగు కూడా తోలు రంగే. అంచున కుట్టు ఎక్కడుందో నీకే కాదు, నాన్నకి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఎంత బలంగా కొట్టినా తలగడ మీద పిల్లి గెంతినట్టు ఉంటుంది. మాస్టారు పరవశించిపోయాడు. వెనకటి డ్రమ్మరు పాటని ముంచేసేవాడట. పాస్టరు గారయితే నా మెత్తటి దెబ్బ విని "చూశారా, మనిషి ఎంత మెత్తబడ్డాడో" అని సంఘమంతటి ముందూ దేవుడికి స్తోత్రం చెప్పారు.

నీ ఫోన్ బాగానే ఉందని బావ కూడా అన్నాడు. మరి నా గొంతు నీకెందుకు వినబడటం లేదు?

తమ్ముడు


మేడ మీద గది
ఏప్రిల్, ఇరవయ్యో తారీకు

తమ్ముడికి,

మీ బావ ఏదో వాగితే దాన్ని పట్టుకుని నాకు ప్రశ్నలు వెయ్యకు.

తలాంతుని పాతిపెట్టినవాడి గురించి నేను పిల్లలకి ఇరవై ఆరుసార్లు చెప్పాను. వాడు నీకంటే నయం. ఉన్నది పాతిపెట్టి ఊరుకున్నాడు. నువ్వు ఉన్నది పాతిపెట్టి, లేనిదాన్ని మెళ్ళో వేసుకుని, దానికి మళ్ళీ దూది తొడుగు కుట్టావు. ఆ తొడుగు ఎంత బాగా కుట్టావో మురిసిపోతూ అరపేజీ రాశావు. డ్రమ్ము గురించి ఒక్క ముక్క రాయలేదు. నీ వరం ఏదో నీ ఉత్తరమే చెబుతోంది, నువ్వు తప్ప అందరికీ తెలుస్తోంది.

"లెక్కకి రాదు" అట! ఎవరు పెట్టిన లెక్క? నాకు పదేళ్ళప్పుడు బడికి చిరుగు గౌనుతో వెళ్ళనని ఏడిస్తే, ఏడేళ్ళవాడివి, మిషను పెడలు అందక నిలబడి తొక్కి కుట్టిచ్చావు. ఆ రోజు నాకు పాటలు పాడేవాడు అక్కర్లేదు, ప్రసంగాలు చేసేవాడూ అక్కర్లేదు.

వార్షికోత్సవానికి నేను రాను. మోకాళ్ళ నొప్పి.

అక్క


కుట్టు గది
జూన్, రెండో మంగళవారం

అక్కకి,

ఆ గౌను సంగతి నువ్వు మర్చిపోయావనుకున్నాను. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చింది దానికి.

పోయిన శనివారం పాటల బృందాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు, వార్డులో పాడటానికి. డ్రమ్ము లోపలికి తేవద్దని నర్సమ్మ గుమ్మంలోనే ఆపేసింది. వాళ్ళు పాడుతుంటే నేను ఖాళీ చేతులతో మంచాల మధ్య నిలబడ్డాను. అప్పుడు చూశాను. అక్కడ రోగులకి వెనకవైపు నాడాలు కట్టుకునే గౌన్లు ఇస్తారు. ఉతికి ఉతికి నాడాలు ఊడిపోయాయి. పాస్టరు గారు "చేతులు జోడించి ప్రార్థన చేద్దాం" అంటే ఎవరూ రెండు చేతులు జోడించరేం? ఒక చెయ్యి దేవుడి వైపు, ఇంకో చెయ్యి వీపు వెనక, పరువు పట్టుకుని!

నా కాలరులో సూది ఎప్పుడూ ఉంటుంది, జేబులో నాడా చుట్ట ఉంది. గోడవైపు మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైరైన బస్సు డ్రైవరట. ఆయన వెనక కూర్చుని రెండు పాటలు అయ్యేలోపు నాలుగు నాడాలు కుట్టాను. ఆయన రెండు చేతులూ ముందుకి తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, పోగొట్టుకున్న చెయ్యి దొరికినట్టు. తరవాత రెండూ జోడించాడు. నా వంక తిరిగి "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అన్నాడు.

ఆ రోజు నేను ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇంటికొచ్చాక నీ మరదలు "ఏమిటి, మొహం అలా వెలిగిపోతోంది" అంది. నువ్వు చెప్పింది కాస్త అర్థమవుతోంది. కానీ వార్షికోత్సవం నెలరోజుల్లో పెట్టుకుని ఇప్పుడు నిజం చెబితే వాళ్ళకి డ్రమ్మరు ఎక్కణ్ణుంచి వస్తాడు? అది అయిపోగానే చెప్పేస్తాను. ఒట్టు వెయ్యకూడదు గనక వెయ్యటం లేదు.

నువ్వు రావాలి. బావకి ఫోన్ చేస్తే "మోకాళ్ళా? పొద్దున్నే మేడ మెట్లు రెండేసి ఎక్కుతోంది" అన్నాడు. నేను పరువు తీస్తాననా రానంటున్నావు? నా జీవితంలో పదిమంది ముందు కూర్చోవడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. మనవాళ్ళలో ఒక్కళ్ళయినా ఉండొద్దా?

తమ్ముడు


మేడ మీద గది
జూన్, ఆఖరి వారం

తమ్ముడికి,

నువ్వు పరువు తీస్తావని కాదురా.

నాకు వినబడటం లేదు. రెండేళ్ళ నుంచి కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో ఏదో గాలి చప్పుడు. డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే పళ్ళేల చప్పుడు పెద్దగా వినబడుతుంది, మాటలు మాత్రం వినబడవు. డ్రాయరులో పడేశాను.

ఫోన్ బాగానే ఉంది. మీ బావ మాటలు మానెయ్యలేదు, పాపం రోజంతా మాట్లాడుతూనే ఉంటాడు. పిల్లలు గుసగుసలాడలేదు. ఒకరోజు క్లాసులో ఒక చిన్నది ఏదో అడిగింది. నేను వేరే ఏదో జవాబు చెప్పాను. క్లాసంతా నవ్వింది. నవ్వు కూడా వినబడలేదు, పళ్ళు కనబడ్డాయి. ఆ మరుసటి వారం మానేశాను. నాకు తెలిసిన పని అదొక్కటేరా. పాఠం చెప్పడం. దేవుడు ఇచ్చి తీసేసుకున్నాడని కోపం. నీకేమో పెద్ద ప్రసంగాలు రాశాను, వరం పాతిపెట్టావని. నాదాన్ని నేను డ్రాయరులో పెట్టి తాళం వేసుకున్నాను.

ఆదివారం గుడిలో ఇబ్బంది నీకు తెలియదు. పక్కవాళ్ళ నోళ్ళు చూసి పెదవులు కదుపుతాను. పాట ఎక్కడుందో తెలియదు. అందరూ కూర్చున్నాక నేనొక్కదాన్నే నిలబడి ఉన్న రోజులున్నాయి. మీ వార్షికోత్సవానికి వచ్చి ఏం చెయ్యను? నువ్వు మొదటిసారి పదిమంది ముందు కూర్చుంటే, నాకు ఒక్క దెబ్బ కూడా వినబడదు. అది నేను భరించలేను.

ఇది నవ్వులాట ఉత్తరం కాదు, క్షమించు.

అక్క


కుట్టు గది
జూన్ ముప్ఫై

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. మిషను మీద ఉన్న చొక్కా తడిసిపోయింది, అది కుట్టడానికిచ్చిన ఒక గుమాస్తాది, ఆరబెట్టాను.

నువ్వు రా. ముందు వరుసలో కాదు, డ్రమ్ము పక్కనే, చెక్క వేదిక అంచు మీద కుర్చీ వేయిస్తాను. చెప్పులు విప్పి పాదాలు చెక్క మీద పెట్టుకో.

దూది తొడుగు కుట్టు ఇప్పేస్తున్నాను.

తమ్ముడు


మేడ మీద గది
జులై నాలుగు

శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాం. మీ బావ వెంట వస్తాడు. ఎవరూ నా చెవి దగ్గర అరవొద్దని చెప్పు.

అక్క


కుట్టు గది
జులై, మూడో సోమవారం

అక్కకి,

వార్షికోత్సవ కూటం అవగానే బస్సుకి టైమైందని నువ్వు వెళ్ళిపోయావు. నా చుట్టూ జనం ఉన్నారు, నీకు చెయ్యి ఊపడం కూడా కుదరలేదు. తరవాత ఏం జరిగిందో రాస్తాను.

నా మొదటి దెబ్బకి పాస్టరు గారి కళ్ళజోడు ముక్కు మీదనుంచి జారిందట. మాస్టారు వెనక్కి తిరిగి నన్ను అలా చూస్తూ ఉండిపోయాడు. నేను తల ఎత్తలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. మూడో దెబ్బకి ఆడవాళ్ళంతా వచ్చి నీ మరదలి చుట్టూ కోట కట్టారు. "మళ్ళీ మొదలైందమ్మా, ధైర్యంగా ఉండు" అని ఒకావిడ చెవిలో చెప్పిందట. ఎవరో ముసలాయన మాత్రం నిద్రలేచి, చాలా ఏళ్ళ తరవాత, ఆమెన్ అన్నాడట.

కూటం అయ్యాక సెక్రటరీ గారూ, పాస్టరు గారూ, మాస్టారూ నన్ను వెనక గదిలోకి పిలిచారు. "బ్రదర్, మీలో ఏదో రగులుతోంది, చెప్పండి" అన్నారు. నాలుగు నెలల తరవాత ఆ మూడు మాటలు చెప్పాను. కొట్టడం కాదండీ, కుట్టడం.

సెక్రటరీ గారు బీరువాలోంచి నా కాగితం తీసి, భూతద్దం పెట్టి, వెలుగులోకి తీసుకెళ్ళి చూశారు. ఆయన తపాలా ఆఫీసులో ముప్ఫై ఐదేళ్ళు పనిచేశారు. "ఎంతమంది రాతలు చదివానండీ, ఒక్క ఉత్తరం తప్పు గుమ్మానికి వెయ్యలేదు. చివరికి ఒక మనిషినే తప్పు గుమ్మంలో వేశాను" అని కుర్చీలో కూలబడ్డారు. పాస్టరు గారికి వరసగా ఒక్కొక్కటీ గుర్తొస్తున్నట్టుంది. "అయితే ఆడవాళ్ళని, పిల్లలని..." అన్నారు. గౌన్లండీ, అన్నాను. "గుర్తు కనబడకుండా..." చిరుగులకి రఫ్ఫండీ, అన్నాను. ఆయన ముందు నవ్వారు, తరవాత లేచి వెళ్ళి నీ మరదలికి క్షమాపణ చెప్పారు. ఆవిడ "అయ్యో, పరవాలేదండీ" అంది గానీ పళ్ళు ఆగిపోతాయని దిగులుగా ఉంది.

నేను వెనక బెంచీకి వెళ్ళిపోతానన్నాను. మాస్టారు బృందం అంగీల కాలర్లు చూపించాడు. మూడు నెలలుగా ప్రాక్టీసు మధ్యలో నేను ఎవరూ చూడకుండా ఒక మూల కూర్చుని వాటి చిరుగులు కుట్టేవాణ్ణి, ఊరికే ఉండలేక. "ఈ అంగీలు ఎవరు బాగు చేస్తున్నారో అని దేవదూతల్ని అనుమానించాం" అన్నాడు. ఆసుపత్రి గౌన్ల సంగతి చెప్పాను. అరవై గౌన్లున్నాయట. ప్రతి శనివారం వెనక గది నాకిచ్చారు. నాతో కూర్చుని కుట్టడానికి ఐదుగురు పేర్లిచ్చారు, అందులో నీ మరదల్ని ఓదార్చిన ఆవిడ ఒకతె. కొత్త పట్టికలో నా పేరు ఎదురుగా "కుట్టు" అని సెక్రటరీ గారు స్వయంగా, పెద్ద అక్షరాలతో, కొమ్ము ఎక్కడుండాలో అక్కడ పెట్టి రాశారు.

అక్కా, ఒక సంగతి. పాట మొత్తంలో ఎవరో ఒకావిడ అందరికంటే అర్ధపాదం వెనకబడి, పెద్ద గొంతుతో పాడుతూనే ఉందట. ఎవరావిడ అని మాస్టారు అడిగాడు. తెలియదండీ అన్నాను.

నీకు వినబడిందా? అదొక్కటి రాయి.

తమ్ముడు


సండే స్కూల్ గది, పొట్టి బల్ల
ఆగస్టు, మొదటి ఆదివారం

నా సూదికి,

పై చిరునామా తప్పు రాయలేదు, ఇంకోసారి చదువుకో. క్లాసు మళ్ళీ తీసుకున్నాను. పిల్లలకి సంగతి చెప్పేశాను: టీచరు చెవులు పనిచెయ్యవు, అడగాలనుకున్నది చీటీ మీద రాసివ్వండి అని. వాళ్ళ రాత కోడి గెలికినట్టుంటుంది, ఇక్కడ ఇంకెవరికీ అర్థం కాదు. నేను మాత్రం గడగడా చదివేస్తున్నాను. నలభై ఐదేళ్ళు నీ రాత చదివినదానికి ఇదొక లెక్కా? దేవుడు నన్ను ఈ పనికి తయారుచేస్తున్నాడని తెలియక నిన్ను ఎన్ని తిట్లు తిట్టాను!

నీ ప్రశ్నకి జవాబు.

చెవుల్లోకి ఏమీ రాలేదు. పాదాల్లోంచి వచ్చింది. చెక్కలోంచి మడమలకి, మోకాళ్ళకి, ఇక్కడ గుండెల్లోకి. నువ్వు మొదటి దెబ్బ వెయ్యగానే మీ బావ చెయ్యి పట్టేసుకున్నాను, గోళ్ళు దిగాయట. రెండేళ్ళలో మొదటిసారి పాట ఎక్కడుందో నాకు తెలిసింది. అందుకే నోరు తెరిచి పాడాను. నీ దెబ్బ పడిన చోటల్లా పాడాను. నువ్వు తాళం తప్పావని మీ బావ తరవాత కాగితం మీద రాసి చూపించాడు. మొదటినుంచి చివరిదాకా తప్పావట. అంటే ఆ రోజు గుడి గుడంతా ఒక పాట పాడుతుంటే, మనిద్దరమే ఇంకో పాట పాడామన్నమాట. పోనీలే. దేవుడికి రెండూ వినబడి ఉంటాయి.

నువ్వు శనివారాలు కుట్టుకో, అదే నీ పని. కానీ నేను వచ్చినప్పుడు మాత్రం ఆ తొడుగు లేకుండా ఒక్క పాట కొట్టాలి.

ఆ సామెత మళ్ళీ వాడుకోవచ్చు, అనుమతి ఇస్తున్నాను. చెవిటిదాని ముందు శంఖం ఊదితే ఏమవుతుందో నాకు తెలియదు గానీ, డ్రమ్ము కొడితే మాత్రం పాడుతుంది.

నీ అక్క